చప్పిడి కూడు

మళ్లీ కంచం తోసేసినావా? చప్పగా ఉండాదా? చప్పిడి కూడు చప్పగా కాక ఇంకెట్లుంటాది? పొద్దున చెప్పినా, నిన్న చెప్పినా. నీ మూత్రపిండాలు రెండూ చెడిపోయినాయంట, ఉప్పు తింటే నీళ్లు నిలిచి ఒళ్లు వాస్తాదంట. పట్నం డాక్టరు నీ ముందరే కదయ్యా చెప్పింది.

ఏంది అట్ల చూస్తా ఉండావు, ఇప్పుడే మొదటిసారి విన్నట్లు?

నాకు కోపం రాదా చెప్పు. గళ్ల లుంగీ అంటే వరదయ్య మగ్గం మీదిదే అని తిరుత్తణి సంతలో గుడ్డ పట్టుకుని చెప్పేవాళ్లే. అట్లాంటోడివి తెల్ల గడి రావాల్సిన తావులో మళ్లీ ఎర్రదే నేసినావు. ఊడదీసినావు, మళ్లీ అదే నేసినావు. పేక దూర్చే నాడె చేతిలో పెట్టుకుని, తరవాత ఏంది వజ్రా అని నన్ను అడిగినావు. నవ్వులాటకు అంటా ఉండావనుకున్నా.

అప్పటికే నీ నోట్లో ఏదో వాసన. తూలుకుంటా నడిచేవాడివి. ఇంకేముంది, తాగినాడు అనేసింది వీధంతా. సర్కారు సారాయి నిలిపినా వీడికి యాడో దొరకతా ఉందని నీ అన్న ఆదిమూలం బావే అన్నాడు. పెద్దలు చౌడమ్మ తల్లి ముందర నీ చేతికి నాడె ఇచ్చి ప్రమాణం చేయించినారు. తాగలేదని చేసినావు. నాలుగు దినాలు కాలేదు, తూలి పడుగు మీద పడినావు. నాడె పట్టి అబద్ధమాడినోడని మన యింట్లో మంచినీళ్లు కూడా ముట్టడం మానేసినారు. నేను మాత్రం తక్కువా? నువ్వు నిద్రపోతా ఉంటే నీ నోటి దగ్గర ముక్కు పెట్టి చూసినదాన్నే.

తాగుడు కాదమ్మా అన్నాడు డాక్టరు. ఒంట్లో చెడు బయటికి పోక నెత్తురులో నిలిచిపోయిందంట. ఆ నెత్తురే తలకెక్కి మతి తప్పిస్తా ఉందంట. నోటి వాసనా దాందేనంట. ఆస్పత్రి వరండాలో కూలబడి ఏడ్చినా. నువ్వు పక్కనొచ్చి కూర్చుని, పావం, ఎవరు పోయినారమ్మా అని అడిగినావు.

నీ మతి ఎట్లుందో చూసేదానికి మీది ఏ జిల్లా అని డాక్టరు అడిగితే చిత్తూరు అన్నావు. డాక్టరు తల ఆడించినాడు. నేను కొట్లాటకు పోయినా. మొన్న ఉగాది అయినాక కదా స్వామీ సర్కారోళ్లు మా తిరుత్తణి పక్కనంతా చెంగల్పట్టు జిల్లాలో కలిపింది, నా నోట్లో కూడా ఇంకా చిత్తూరే వస్తాది అన్నా. సరేలేమ్మా అని, నన్ను చూపించి ఈమె ఎవరయ్యా అన్నాడు. చానాసేపు చూసినావు. తెలిసిన మనిషే అన్నావు.

ఊరికొచ్చి యింటింటికీ పోయి చెప్పినా, మా ఆయన ప్రమాణం తప్పలేదని. ఆదిమూలం బావ తలుపు పట్టుకుని ఏడ్చినాడు. అది నీకు చెప్తే తల ఊపినావు, తెలిసిందో లేదో.

ఏందీ? మెల్లగా చెప్పు. కన్నియమ్మా? నన్నా అట్ల పిలిచింది? కన్నియమ్మ పక్కింట్లో కదయ్యా ఉండేది, నేను...

సరే. చెప్పు.

నీ పెండ్లాము కూట్లో ఉప్పు వేయదా? అడిగితే కసురుకుంటాదా? తాగినావని ఇంకా నీ మీద కోపమా ఆమెకు? లేదు లేదు. నువ్వు తాగలేదని ఆమెకు తెలుసు. నాతో చెప్పి ఏడ్చింది. ఒట్టు.

నవ్వినావే. ఎన్నాళ్లయింది నువ్వు నవ్వి.

ఉండు, కంచం ఇట్ల ఇయ్యి. ఉప్పు మానితే ఇంకొన్నాళ్లు ఉంటాడన్నాడు డాక్టరు. అందుకే ఉప్పు కుండ అటక మీద దాచిపెట్టినా. నన్ను తిట్టుకుంటా నువ్వు బతికే ఆ నాళ్లతో నేనేం చేసుకునేది? పోతే పోనీ.

ఇదో, మా యింటి నుంచి తెచ్చినా. ఉప్పేసి కలిపినా. నోరు తెరువు, అన్నా. తాళి కట్టినోణ్ణి అన్నా అని పిలిచింది ఈ నోరు, ఇంకేం మిగిలిందిలే.

బాగుండాదా? మెల్లగా తిను. వజ్రమ్మతో చెప్పనులే.