దసర నాటి ఏడుపు సినిమా

ఏం ఎతుకుతున్నవే సింధూజా ఆ ఫోన్ల, అద్దగంట సంది? దసర నాడు అందరం కూసొని చూసెతందుకు సినిమానా? ఏదన్న పెట్టు గని మీ అవ్వ చూసిన సినిమా మాత్రం పెట్టకు బిడ్డా, నీకు దండం పెడ్త. ఏందట్ల నవ్వుతున్నవ్? నీకేం ఎర్క! మీ సుగుణవ్వ పోయిననాడు నువ్వు రెండో తరగతో ఏందో. నేను మీ తాత తమ్ముని పెండ్లాన్ని. ఆమె నేను యారాండ్లం, ఒక్క ఇంట్ల ముప్పై ఐదేండ్లు ఉన్నం. మీ చిన్నతాతతోని చేసిన కాపురం కంటె ఆమెతోని చేసిందే ఎక్కువ. నన్నడుగు, నేను చెప్త.

ఆ సినిమా పేరు సుత నోట్లకెళ్లి తియ్యబుద్ది కాదు నాకు. నలుపు తెలుపుది. కోడలును ఇంట్లకెళ్లి ఎళ్లగొడ్తరు, కొడుకు దూరమైతడు. పదేండ్లకు తల్లి వచ్చి ఎదురుంగ నిలబడితే ఆ పోరడు 'ఎవరమ్మా నువ్వు, ఏం గావాలె' అంటడు. అంతే. ఇగ మీ అవ్వను పట్టలేం. ఏడాదికి ఒక్కపారి, దసర నాడు, పగటీలి బువ్వ తిన్నంక ఆ సినిమా పడాల్సిందే. ఎందుకంటె ఆ ఒక్కనాడే మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతం, ఇగ దాన్ని ముట్టం. తతిమ్మ దినాలల్ల ఆమె కూసున్నదంటె రాట్నం ముందర నూలు కండెలు చుట్టెతందుకే. మరి దొరికిన ఒక్కదినం నవ్వుకుంట ఉండొద్దా? "పండుగ పూట ఏడుపేందక్కా, ఓ నవ్వులాట సినిమా పెట్టుకోరాదు" అంటె, "ఏడాదంత ఏడ్చెతందుకు నాకు యాళ్ల ఏడున్నదే గుర్వీ, ఇయ్యాలన్న ఏడ్వనియ్యి" అంటుండె. గిది మాటేనా? నువ్వే చెప్పు.

మాపటీలి జమ్మి ఆకు పట్టుకొని వాడకట్టు జనమంత వస్తరు గదా. ఈమె తలుపు తీస్తె కండ్లు ఎర్రగ, మొకం ఇంత లావు. ఓపారి ఎదురింట్ల కిరాయికి కొత్తగొచ్చిన సారు మీ తాతను పక్కకు తీస్కపోయి, "సిద్దిరాములు గారూ, పండుగ పూటన్న ఆడమనిషి మీద చెయ్యి చేసుకోకండి" అన్నడు. మా బావ ఒకరిని గట్టిగ పిలిశి ఎరుగడు, పాపం. గుడ్లు తేలేశిండు. "నేనేం అనలే సారూ! సినిమా సారూ! సినిమా!" అని. ఆత్మకూర్ల ఇప్పటికి ఆ ముచ్చట చెప్పుకుంటరు. మల్ల ఆ సినిమా సీడీ బిళ్ల అరిగి గీతలు పడి, పాట కాడ బొమ్మ నిలబడిపోయేది. పీడ పోయిందిరా దేవుడా అనుకుంటె, తెలంగాణ వచ్చిన ఏడు మీ నాయిన ప్రమోద్ పెన్‌డ్రైవుల ఎక్కించుకొచ్చి ఇచ్చిండు. ఎన్ని తిట్లు తిట్టిన్నో వాన్ని.

ఏం జెప్తున్న? ఆఁ. మూడేండ్లయినంక మా బావ పోయిండు. పొద్దుగాల మగ్గం మీద కూసున్నోడు ఛాతిల నొప్పి అన్నడు, పాలమూరు దవాఖానకు తీస్కపోయెలోపట్నే అయిపోయె. పీనుగను వాకిట్ల ఏశిర్రు, ఊరంత వచ్చిర్రు. ఆడోళ్లు మెడలు పట్టుకొని ఏడుస్తున్నరు. మీ అవ్వ ఏంజేస్తున్నదో ఎర్కేనా? చాయ పెడుతున్నది! "వనపర్తి సంది వచ్చిర్రు పాపం, ఎప్పుడు తిన్నరో" అని లోపటికి బయటికి తిరుగుతున్నది. కండ్లల్ల ఒక్క సుక్క లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కింటి పుల్లమ్మ నా చెవుల వచ్చి, "సినిమాకేమో కుండెడు కండ్లనీళ్లు, మొగనికి ఒక్క సుక్క లేకపాయెనా?" అన్నది. పదొద్దులకు సుత ఏడ్వలే. పదకొండో నాడు పోయి రాట్నం ముందర కూసున్నది.

రెండు నెల్లకు దసర వచ్చింది. చావు జరిగిన ఇల్లు, ఏడాది దాంక పండుగ లేదాయె. పగటీలి నేను వాకిట్ల గిన్నెలు తోముతున్న. పుల్లమ్మ గోడ మీదికెళ్లి తొంగిచూసి, "ఏందే గుర్వమ్మా, మీ ఇంట్ల సినిమా నడుస్తున్నదా?" అన్నది. చెవిపెట్టి ఇంటె నిజమే. నా ఒళ్లు మండిపోయింది. గిన్నె ఆడనే ఇసిరేసి ఉరికిన. ఇయ్యాల యారాలు లేదు, అక్క లేదు, ఆ టీవీ పలగ్గొడ్త అనుకుంట తలుపు నూకిన. అర్ర నిండ చీకటి. మీ అవ్వ గోడకు ఒరిగి కింద కూసున్నది, కొంగు నోట్ల కుక్కుకున్నది. ఏడుస్తున్నది. అసొంటి ఏడుపు నేను నా బతుకుల చూడలే, మనిషి మనిషంత ఎగిరిపడుతున్నది. టీవీల చూస్తె ఆ పోరడు ఇంక పుట్టనే లేదే. కోడలు అత్తగారింటికి సుత రాలే. ఎవడో బోడిగుండోడు గాడిద మీదికెళ్లి పడుతున్నడు, అందరు నవ్వుతున్నరు. గాడ ఏడుస్తున్నది మీ అవ్వ.

"ఏందక్కా ఇది, ఆనాడు నలుగురి ముందర ఏడ్వకపోతివి" అన్న. నోట్ల కొంగు తీసి, "ఆనాడు అందరు ఏడుస్తుండిరి గుర్వీ, నేను సుత ఏడుస్తె వచ్చినోళ్లకు చాయ ఎవరు పెడ్తరే" అన్నది. చూశినవా జవాబు! నేను లేనా? నాకు చాయ పెట్టరాదా? అన్న గూడ, అనకేం. మల్ల ఏడుపు తన్నుకొస్తుంటె నా చెయ్యి పట్టుకొని, "జర సౌండు పెంచు, నా ఏడుపు పుల్లమ్మ ఇంటది" అన్నది. పెంచిన. ఇగ పెంచకేం జేస్త.

బయటికొస్తె పుల్లమ్మ గోడ కాడనే ఉన్నది. "చూస్తున్నదా?" అన్నది. చెప్దామని నోరు తెరిచిన. కని సౌండు పెంచినంక లోపట నాతోని ఒట్టు పెట్టించుకున్నది, నేను ఏడ్చిన అని ఎవరికి చెప్తె నా మీద ఒట్టే అని. "ఆఁ, చూస్తున్నది, అయితేంది?" అన్న. అంతే, మొగడు పోయిన రెండు నెల్లకు సినిమా చూశిన ఆడిది అని ఊరంత పాకింది. పెండ్లిల్లకు పిలుస్తె ఆమెను చూసి మూతులు తిప్పేటోళ్లు. రెండేండ్లు గట్లనే తిరిగి జ్వరమొచ్చి ఆమె సుత పోయింది. ఆమె పీనుగ కాడ సుత అదే మాట అన్నరు, నేను విన్న, పండ్లు కొరుక్కుంట విన్న. ఒక్క మాట నన్ను చెప్పనిస్తె ఆమె సొమ్మేం పోయె? మొండి మనిషి. ఒట్టు పెట్టించుకొని ఆమె మంచిగ పోయింది, దాన్ని మోసుకుంట నేను తిరగాలె. ఇయ్యాల నీకెందుకు చెప్పిన్నో నాకే ఎర్క లేదు. ఇగ నువ్వు పుల్లమ్మ మనుమరాలితోని బడికి పోతవ్ గదా, దానితోని చెప్పు. కాదు, వద్దు. అబ్బ, చెప్పే, చెప్పు, ఎవరితోనన్న చెప్పు.

ఏంది, గుడ్లప్పగించి నన్ను చూస్తున్నవ్? కూర మాడిన వాసన వస్తాంది, లేశిపో, పోయి దించు.