మగదిక్కు లేని గుడారం

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన మా సంపాదకురాలు బర్చిన్ గారికి, నా భుజాల మీద ఈ నీలం చాపాన్ అంగీ సన్మానంగా కప్పిన పెద్దలకు, పత్రికలో నాతో పాటే జుట్టు నెరిసిన మిత్రులకు, వెనక వరుసల్లో చేతులు కట్టుకుని కూర్చున్న గాయకులకు, వాద్యకారులకు – వాళ్లలో సగం మంది నా సమీక్షల్లో చీవాట్లు తిన్నవాళ్లే – అందరికీ ఈ మెదెర్ సలాం. (నవ్వులు)

పెద్దలు ఏమీ అనుకోవద్దు, చాపాన్ తీసి కాసేపు ఈ కుర్చీ మీద పెడుతున్నాను. నేను చెప్పేది విన్నాక కూడా ఇది నాకు దక్కాలనిపిస్తే అప్పుడు కప్పుదురు గాని.

ఇందాక బర్చిన్ గారు నన్ను ఆకాశానికి ఎత్తేస్తూ, "బిష్కెక్‌లో ఏ ఆల్బమ్ వచ్చినా మా మెదెర్ రెండుసార్లు వినకుండా ఒక్క ముక్క రాయడు" అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. అదిగో, మా తురాత్ ఈలలు కూడా వేశాడు. (నవ్వులు) ఆమె చెప్పింది నిజమే. కానీ ఆ అలవాటు నా ఉద్యోగంలా ఇరవై ఏడేళ్లది కాదు, నాలుగేళ్లది. అది ఎందుకు మొదలైందో నా భార్య సోనున్‌కి తప్ప ఈ హాల్లో ఎవరికీ తెలియదు.

నాలుగేళ్ల కిందట ఆకురాలే కాలంలో నరీన్ నుంచి సైకాల్ అనే అమ్మాయి మొదటి ఆల్బమ్ నా బల్ల మీదికి వచ్చింది. తొమ్మిది పాటలు. అట్ట మీద 'కొముజు: మా నాన్న ఎషిమ్' అని ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. అమ్మాయి గొంతు బాగుంది. కొముజు మాత్రం ఎక్కడా లేదు. మూడు తీగల వాద్యం, దాని పేరు అట్ట మీద వేసి పాటలో వెయ్యడం మరిచిపోయారనుకుని నాకు హుషారు పుట్టింది. విమర్శకుడికి తప్పు దొరికితే కలిగే హుషారు ఎంత నీచమైనదో మీకు తెలియదు, నాకు తెలుసు. ఆ హుషారులోనే రాశాను: "ఇది మగదిక్కు లేని గుడారం. తండ్రి పేరు అట్ట మీద ఉంది, తండ్రి చెయ్యి పాటలో లేదు. నరీన్ లోయంతా గాలించినా తీగ మీటే చెయ్యి ఒక్కటి దొరకలేదా?" ఆ వాక్యం ఊరంతా చెప్పుకుని నవ్వింది. తురాత్, నువ్వు క్యాంటీన్‌లో టీ తాగుతూ దాన్ని రెండుసార్లు చదివించుకున్నావు, గుర్తుందా? ఇప్పుడు తల దించుకోకు, తప్పు నీది కాదు.

తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి, "అయ్యా, మీకు చెవులున్నాయా?" అని. మాకు మామూలుగా పడే తిట్టే కదా అని చెత్తబుట్టలో పడేశాను.

వారం తిరిగాక మా ఇంట్లో సోనున్ బూర్సోకుల పిండి ముక్కలు నూనెలో వేయిస్తూ అదే ఆల్బమ్ పెట్టుకుంది, గది మొత్తానికి వినపడేలా కాదు, నా హెడ్‌ఫోన్లతోనే. ఉన్నట్టుండి గరిటె ఆపి, "ఏమయ్యా, ఈ పెద్దాయన ఎంత బాగా వాయిస్తున్నాడు!" అంది.

"ఏ పెద్దాయన?"

"అయ్యో, ఇదిగో, ఎడమ వైపు. నీకు వినపడటం లేదూ?"

లేదు. హెడ్‌ఫోన్లు లాక్కుని తిప్పి పెట్టుకున్నాను, ఎడమది కుడి చెవికి వచ్చేలా. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఎషిమ్ పెద్దాయన ఉన్నాడు. మన గుడారంలో గుమ్మం దాటగానే ఎడమ పక్క మగవాళ్లది, కుడి పక్క ఆడవాళ్లది. ఆ పిల్ల తన ఆల్బమ్‌ని గుడారంలాగే కట్టుకుంది. తండ్రిని ఎడమ పక్క కూర్చోబెట్టి, తను కుడి పక్క కూర్చుని పాడింది. పసిపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. నాకు కాలేదు. ఎడమ చెవి నరం ఎప్పుడో చచ్చిపోయిందని డాక్టర్ ఆ మర్నాడు చెప్పాడు. మిగతా ఆల్బమ్‌లు అన్నీ రెండు చెవుల్లోనూ ఒకేలా మోగుతాయి కాబట్టి అన్నాళ్లూ దొరికిపోలేదు.

సవరణ వేయవచ్చు. నాలుగు లైన్ల పని. కానీ చెవిటివాడి విమర్శ ఎవరు చదువుతారు బర్చిన్ గారూ? మీరు నన్ను ఉంచేవారా? ఉంచేవారేమో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. సోనున్ ప్రతి రాత్రీ అడిగేది, "రాశావా?" అని. కొన్నాళ్లకు అడగడం మానేసింది. నేను మాత్రం ప్రతి ఆల్బమ్‌నీ ఓసారి మామూలుగా, ఓసారి హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకుని వినడం మొదలుపెట్టాను. మీరు మెచ్చుకున్న శ్రద్ధ అదే.

ఆ వెంటనే వచ్చిన వసంతంలో మన పత్రికలోనే, నా శీర్షిక కింద, నరీన్‌లో ఎషిమ్ చనిపోయాడని చిన్న వార్త పడింది. అప్పుడు కూడా నేను కదల్లేదు. పోయిన నెల వెళ్లాను, రిటైరవుతున్నాను కాబట్టి, ఇక ఉద్యోగం పోయే భయం లేదు కాబట్టి. దాన్ని ధైర్యం అనకండి.

సైకాల్ నన్ను గుర్తుపట్టింది. టీ పోసింది. నేను గొణుగుతూ అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. "ఏ చెవి?" అని అడిగింది. చూపించాను. లేచి వచ్చి నా కుడి పక్కన కూర్చుంది.

"మా నాన్నకి మీ వ్యాసం నేనే చదివి వినిపించా. దాస్తే ఇంకెవరైనా చదువుతారని. ఆయనకి మీ మీద కోపం రాలేదండీ. చేతులు చూసుకున్నాడు. 'వేళ్లలో సత్తువ పోయిందమ్మా, పట్నంలో పెద్ద చెవి ఉన్న మనిషికి కూడా చేరలేదు' అన్నాడు. కొముజుని గోడకి తగిలించాడు. మళ్లీ ముట్టుకోలేదు. చచ్చేదాకా ముట్టుకోలేదు. మీరు నాలుగు ముక్కలు రాసుంటే ఆర్నెల్లు వాయించేవాడు."

ఈ రోజు సభకు రమ్మని పిలిచాను. రాలేదు. ఎందుకు వస్తుంది?

రేపటి పత్రికలో నా శీర్షిక చోట, అదే సైజు అక్షరాల్లో, ఇది వస్తుంది. బర్చిన్ గారూ, మీరు ఇంకా చూడలేదు, ఒక్క కామా కూడా మార్చకండి. "సైకాల్ ఆల్బమ్‌లో తొమ్మిది పాటల్లోనూ ఎషిమ్ కొముజు వాయించాడు. గట్టిగా, స్పష్టంగా వాయించాడు. నాకు వినపడలేదు. వినపడలేదని తెలిసి కూడా చెప్పలేదు." ఇరవై ఏడేళ్లలో నేను రాసిన నికార్సయిన సమీక్ష ఇదొక్కటే, వినవలసిన మనిషి వెళ్లిపోయాక.

ఇన్నేళ్లు భరించిన పత్రికకు, నిజం చెప్పమని అడిగి అడిగి అలిసిపోయిన సోనున్‌కు, ఓపిగ్గా విన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. దయచేసి చప్పట్లు వద్దు. ఎడమ వైపు కూర్చున్నవాళ్లు ఏమన్నా నాకు వినపడదు. నన్ను అనాల్సింది ఉన్నవాళ్లు లేచి ఇటు, కుడి పక్కకి వచ్చి అనండి. నేను ఇక్కడే, చాపాన్ లేకుండా నిలబడి ఉంటాను. సెలవు.