కోడలి వంతు

బియ్యం డబ్బాలో కొలత సోల కనిపించడం లేదని అత్త పొద్దున్నే తగువు పెట్టుకుంది. సూర్యాపేట కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్న కోడలు దాన్ని కొంగు చాటు నుంచి తీసి ఇచ్చింది.

“రాత్రి మేమందరం తిన్నంక గిన్నెల అన్నం దీనితోని కొలిసినవ్. నేను సూసిన.”

“కాలేజీ ప్రాజెక్టు, అత్తమ్మా. ఇంట్ల ఎవలెంత తింటరో కొలిసి రాయాలె.”

“నా తిండి మీద నిఘా పెట్టినవా?”

“మీది కాదు, నాది.”

“నీదెంత తేలింది?”

“మీరందరు తిన్నంక మిగిలిందే నాది గద. నిన్న సోలెడు గూడ లేదు.”

“గిది ఎవలు సూస్తరు?”

“మా మేడమ్. తర్వాత క్లాసుల అందరి ముంగట సదవాలె.”

“మా ఇంటి పేరు సెప్పా?”

“పేరుండదు.”

“పేరెందుకే? నువ్వెవలింటి కోడలివో పేటంత తెలుసు.”

మధ్యాహ్నం కోడలి మామ, మొగుడు తినడానికి కూర్చున్నారు. అత్త తన కంచం పక్కన ఇంకో కంచం పెట్టింది.

“ఇయ్యాల్టి సంది కోడలు గూడ మనతోనే తింటది,” అని భర్తకు చెప్పి, కోడలివైపు తిరిగింది. “ఇగ కొలిసి రాసుకో. నిన్నటిది క్లాసుల సదివినవని తెలిసిందా, కాలేజీ బంద్!”