అడివి తూము

రారంటే ఏంది పంతులు? పెద్ద సాబు, దొరసాని ఎల్లుండి పొద్దుగాల మోటరు దిగుతరని మీ చేతితోనే రాసి పంపిన్రు గద. గా కాయితం మా పటేలు ఊరందరికి చదివిపిచ్చిండు. ఇప్పుడు కండ్లద్దాలు తుడుసుకుంట రారంటున్నరు.

లేదు లేదు, కోపం చేస్తలేను. మీరు సిద్దిపేటల శికారు దఫ్తరు మున్షీ, నేను అడివి చెరువు తూము తీసి మూసే నీరడి ఐలయ్యగాన్ని. మీ మీద కోపం చేసి యాడ బతుకుత? భయమైతుంది పంతులు. చిన్నకోడూరు దాటినకాంచి ఎనుకకు చూసుకుంటనే వచ్చిన.

ఎల్లుండి గాదు, రేపే రమ్మని చెప్తందుకు ఉరికొచ్చిన నేను. మీరేమో అసలుకే రారంటున్నరు. ఇగ నేను ఊళ్లెకు ఎట్ల పోవాలె?

అన్నీ తయారు చేసినం గద. డేరాలకు జాగ సాపు చేసినం. చెరువొడ్డుకు మోదుగాకులతోని పందిరి కట్టి మూడు కంతలు పెట్టినం, లోపల కూసోని దుర్భిణితోని చూసెటందుకు. దొరసాని కంత కొంచెం కిందికి పెట్టమన్నరు, అదీ పెట్టినం. ఇంటికో కోడి, ఇంటికో శేరు పాలు ఇస్తమని అందరు ఒప్పుకున్నరు. ఒప్పుకోక ఏం జేస్తరు?

పిట్టలా? వచ్చినయి. ఎందుకు రావు. వస్తెనే గద నా పానం మీదికొచ్చింది.

నెత్తి మీద రెండు నల్ల పట్టెలుంటయి పంతులు, తెల్లటి బాతులు. ఎక్కడి మంచు గుట్టలు దాటి వస్తయో ఏమో, చలి ముదిరినంక దిగుతయి. నిన్న పొద్దు పొడిచే యాళ్లకు పందిరిల ఒక్కన్నే కూసున్న. ఒక్కటి అరిచింది, దాని ఎనుక ఇంకోటి. ఒక్కపారి అన్ని లేచినయి. మొఖానికి గాలి తాకింది. భయపడుకుంట గూడ సంబురపడ్డ, ఏం జెప్పాలె. ఎనుకట మా నాయిన నన్ను భుజం మీద ఎక్కిచ్చుకొని చూపెట్టిన పిట్టలు అవి.

గా సంబురమే నా కొంప ముంచింది. దసరా ఎల్లినంక మీ దరోగా సాబు మా దిక్కు దౌర తిరిగెటందుకు వచ్చిండు గద. చలికాలం మీ అడివిల చూసెటందుకు ఏముంటదిరా అని అడిగిండు. ఏం లేదు బాంచెను అంటే అయిపోతుండె. నా నోరు ఊకుంటదా? ఈ బాతుల సంగతి చెప్పిన. లేస్తె పొద్దు కానరాదని చెప్పిన. ఆయన పోయి హైదరాబాదుల ఎవరో పెద్ద సాబుకు చెప్పిండు. ఆ సాబు దొరసానికి చెప్పిండు. తుపాకులు తేరట, ఉత్తగ చూసిపోతరట.

అప్పుడు నాకు ఒక్క ముచ్చట యాదికి రాలే పంతులు. ఆ పిట్టలు నిండిన చెరువుల నిలువయి. వాటికి ఒడ్డున బురద గావాలె, ఎండ కాగెటందుకు మెత్తటి జాగ గావాలె. నిరుడు, ముందటేడు కరువు గనక చెరువు సగానికి దిగింది, అవి దిగినయి. ఈయేడు వానలు మంచిగ పడ్డయి. కట్ట అంచు దాక నీళ్లు. బాతులు వచ్చి రెండు సుట్లు తిరిగి, దిగకుంటనే పోయినయి.

గది చెప్తందుకే మొన్న నెల మీ దగ్గరికి వచ్చిన. యాదికున్నదా? ఇదే గడప కాడ నిలవడ్డ. మీరు తల గూడ ఎత్తలే. ఏమన్న జేయి ఐలయ్య, పిట్టలు గావాలె అన్నరు. పులి ఎల్లకపోతే దుబ్బయ్యకు ఏమయ్యిందో యాదికున్నదా అన్నరు.

ఎట్ల యాదిమరుస్త? సాబుల శికారుల డప్పు కొట్టి పులిని లేపుడు దుబ్బయ్య పని. పులి లేవలే. ఎండల వంగవెట్టి వీపు మీద బండ పెట్టిన్రు, మాపటి దాక. ఇప్పటికీ ఆయన సక్కగ నిలవడడు. నేల చూసుకుంటనే నడుస్తడు.

అందుకే చేసిన. ఏం చేసిననా? తూము తీసిన పంతులు.

ఊరి దిక్కు తూము గాదు, అడివి దిక్కుది. వాగులకు పోయే పాత తూము, అటు ఎవ్వరు పోరు. మీకు ఎరుకనో లేదో, తూము తీసుడంటే నా ఒక్కని పని గాదు. కట్టమైసమ్మకు కోడిని కోసి, పెద్దమనుషులు కట్ట మీద నిలవడి తియ్యి అంటేనే నేను మునిగి బిరడ పీకాలె. మా తాత కాంచి గదే పద్ధతి. నేను పొద్దు పొడవకముందే ఒక్కన్నే పోయిన. మైసమ్మ దిక్కు చూడకుంట మునిగిన.

రెండు దినాలకు మూసేద్దామనుకున్న. మునిగి బిరడ పెడితే కూసుంటలేదు. పాతది, పీకెటప్పుడే పగిలింది. చీరపేలికలు సుట్టి, మన్ను కుక్కి, నాలుగో దినానికి ఎట్లనో ఆపిన. అప్పటికే చెరువుల మోకాలి బంటి నీళ్లు. బురద తేలింది. పిట్టలు దిగినయి.

ఊరోళ్లు అడగరా పంతులు? అడిగిన్రు. కట్ట కింద బుంగ పడి నీళ్లు కారిపోతున్నయని చెప్పిన. ఎవ్వరు అనుమానపడలే. నీరడి చెప్తె ఎందుకు అనుమానపడుతరు? ముప్పై ఇండ్లోళ్లు, ఆడోళ్లు మొగోళ్లు, గీ చలిల దిగి లేని బుంగను దేవులాడిన్రు. గడ్డి కుక్కిన్రు, బంకమన్ను కుక్కిన్రు. రాజమల్లయ్య, అంత పెద్ద మనిషి, పెదవులు నల్లగైనంక గూడ ఒడ్డెక్కలేదు. నేను గూడ వాళ్లతోనే దిగి దేవులాడిన. ఇగో గీడ, అగో గాడ అనుకుంట.

యాసంగి నార్లు పోసిన్రు పంతులు అందరు. ఇంకో పదిదినాలైతే నాటుకు అక్కరకొస్తది. నీళ్లేవి?

దొరసానోళ్లు వస్తె దరోగా సాబు కుశాలవడుతడు, ఆయన కాళ్లు పట్టుకొని ఊరికి ఏమన్న ఇప్పిస్త అనుకున్న. ఒక్క మోట బాయికన్న, తిండిగింజలకన్న హుకుం రాపిస్త అనుకున్న. గా ఒక్క ఆశ మీదనే చేసిన. కొంచెం నా వీపు కోసం, అది గూడ నిజమే.

ఎందుకు రారు? ఏమైంది వాళ్లకు?

పడిశమా?

దొరసానికి పడిశం పట్టిందా. చలిగాలి పడదన్నడా డాక్టరు. వచ్చే ఏడు చూద్దామన్నరా.

లేదు పంతులు, నవ్వుతలేను. నా మొఖం గిట్లనే అయ్యింది.

ఇగ ఒక్కటే అడుగుత. రాజమల్లయ్య నా ఎనుకనే బండి కట్టుకొని ఈడికే వస్తుండు, అర్జీ పట్టుకొని. బుంగ ఎక్కడున్నదో చూసెటందుకు మిస్త్రీని పంపున్రని. మిస్త్రీ దిగకముందే దొరసానోళ్లను రేపే రమ్మందామని ఉరికొచ్చిన. మిస్త్రీ వస్తె అడివి తూముల మునుగుతడు. నా ఇంటి చీరపేలికలు దొరుకుతయి. అవి నా పెండ్లాం కొమురవ్వ కట్టుడు చీరవి, ఊరందరికి ఎరుకే.

ఆయన రాకముందు నా మీద కేసు రాయున్రి. ఠాణకు పంపున్రి, లేకుంటే గీ ఎనుక కొట్టుల ఏసి తాళం ఏయున్రి. ఏం నేరమని నన్నే అడుగుతున్నరా? నీళ్లు దొంగిలిచ్చిండని రాయున్రి. వేలుముద్ర ఏస్త. పిట్టల కోసమని రాయకున్రి, మీ కాళ్లు మొక్కుత.

కొడుతరని గాదు. కొడితే పడుత. బుంగ సంగతి మాట్లాడుతందుకే నేను సిద్దిపేటకు వచ్చిననుకుంటున్నరు ఊరోళ్లు. పొద్దుగాల ఊరు ఊరే ఎల్లి నన్ను సాగనంపింది. ఇప్పుడు రాజమల్లయ్య బండి దిగి, దగ్గుకుంట వచ్చి, ఏమన్న తిన్నవా ఐలయ్య అని అడుగుతడు. ఆ మాట అడగకముందే తాళం ఏయున్రి.