పోలమ్మ మొగుడి పక్కటెముకలు

పోలమ్మకి ఒక్కకాడ కుదురుండదంట. పొయ్యికాడున్నా కన్ను ఈదిమీదే. ఆ ఈదిలో హైమ అని ఎనిమిదో తరగతి గుంట ఒకత్తుంది. ఇస్కూలుకి నర్సమ్మొచ్చి, మనిషి పడిపోయి ఊపిరాగిపోతే రొమ్ము ఎలా నొక్కాలో పిల్లలకి నేర్పిందంట. ఇంక ఆ గుంట ఊరుకుంటాదా? అరుగుమీద ఊక బస్తా ఏసుకుని, సేతిమీద సెయ్యేసి ఒకటే నొక్కుడు. పోలమ్మకి ఒళ్ళు మండిపోనాది. "ఒలే, ఇళ్ళ ముందు ఈ పీనుగాటలేటే? మీ మేస్టారికి సెప్పడానికి పాటాలు లేవేటి?" అని, ఆ బస్తా లాక్కుపోయి పశువుల సాల్లో పడేసిందంట. అదీ పోలమ్మంటే.

తర్వాత ఏమైందంటే, ఓ ఆదివారం పోలమ్మా, తోడికోడలూ పసుపు కొమ్ములు దంపుతున్నారు. రోలు ఒకటే, రోకళ్ళు రెండు. ఒకటి లేస్తే ఒకటి పడాలి, మజ్జిన సందుండకూడదు, మీకు తెలీదేటి. పోలమ్మ మొగుడు గవరయ్య గడ్డిమోపు దింపుతా దింపుతా అలాగే కూలిపోనాడు. పిలిస్తే పలకడు, ఊపిరి లేదు. పోలమ్మ గుండెలు బాదుకుంటంది. ఎవులో తులసినీళ్ళు తెచ్చి నోట్లో పొయ్యబోతే, హైమ పరుగున వచ్చి సెంబు తోసేసి, నీళ్ళొద్దు, నూటెనిమిదికి ఫోన్ సెయ్యండి అనీసి, మోకాళ్ళమీద కూకుని రొమ్ము నడిమిన నొక్కడం మొదలెట్టీసింది. నొక్కుతుంటే టప్పుమని ఎముక ఇరిగిన సప్పుడు. పోలమ్మ సూడగలదా? "సచ్చినోడిని మళ్ళీ సంపుతావేటే" అని దాని జుట్టు పట్టుకు లాగిందంట. ఆ గుంట కదిల్తే ఒట్టు. జుట్టు పీకుతున్నా నొక్కుతానే ఉంది.

నొక్కగా నొక్కగా ఆ గుంట అలిసిపోనాది. "మామ్మా, నావల్ల అవట్లేదు. ఆపితే తాత పోతాడు. నువ్వు నొక్కు" అందంట. ఇన్నేళ్ళు కాపురం సేసిన మొగుడు, ఎముక ఇరిగిన రొమ్ము, పోలమ్మ ఎలా నొక్కుతాది సెప్పండి? నాను నొక్కలేనే అంటాదిది. ఏడుస్తానే నొక్కు మామ్మా, గట్టిగా నొక్కు అంటాదది. అప్పుడు సూడండి, గుంట సెయ్యి లేచిందో లేదో పోలమ్మ సెయ్యి పడ్డాది. రోట్లో రెండు రోకళ్ళు ఆడినట్టే, మజ్జిన సందు లేదు. అదలిసిపోతే ఇది, ఇదలిసిపోతే అది. రెండో టప్పు పోలమ్మ సేతికిందే. బావురుమన్నాది గానీ ఆపలేదు. బండొచ్చింది, రొమ్ముకి కరెంటు పెట్టారు, మళ్ళీ గుండె కొట్టుకున్నాదంట.

ఆస్పత్రిలో తెలివొచ్చాక గవరయ్య రొమ్ము పట్టుకుని, నా ఎముకలు ఇరిసిందెవులే అన్నాడంట. "ఒకటి హైమ ఇరిసింది, ఒకటి నానిరిసినాను" అన్నాది పోలమ్మ. ఇప్పటికీ దగ్గొచ్చినప్పుడల్లా పెళ్ళాన్ని తిడతాడు. మజ్జానం కునుకేసి ఆ తిట్టు ఆగిందా, పోలమ్మ సేతిలో పనొదిలేసి పరిగెత్తుకెళ్ళి ముక్కుకాడ సెయ్యెట్టి సూస్తాదంట. ఓసి నన్ను పడుకోనివ్వవేటే అని ముసలోడు మళ్ళీ తిడతాడు. తిట్టనీండి. ఆ తిట్లు ఇన్నాకే ఆవిడికి ముద్ద దిగుతాది.