ఎడమచెయ్యి వదిలిన చోటు

వీరభద్రం, బేస్ వాద్యకారుడు, లాబీ సంగీత బృందం

1991వ సంవత్సరం సెప్టెంబరు రెండవ తేదీ, సోమవారం సాయంకాలం, శ్రీ ఆదినారాయణప్ప గారు రెసిడెన్సీ రోడ్డులోని మన హోటలులో పియానో వాద్యకారులుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు ఇరవై ఐదు సంవత్సరాలు. నియామక పత్రంలో విభాగం పేరు రాయవలసిన చోట ఏమి రాయాలో తోచక, నాటి సిబ్బంది అధికారి గారు 'ఆహార పానీయాలు' అని రాశారట. ఆ విధంగా మన ఆదినారాయణప్ప గారు మూడు దశాబ్దాలకు పైగా సూపులతోను, సలాడ్లతోను ఒకే విభాగంలో కొనసాగి, ఈ ఏప్రిల్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు.

ఈ సంచికకు అభినందన వ్యాసం రాయమని ఉద్యోగుల సంఘం వారు నన్ను ఆదేశించినప్పుడు, పెద్ద చదువులు చదివినవారు అనేకులుండగా నేనెందుకని అడిగాను. "ఆయన పక్కన ఎక్కువకాలం నిలబడింది మీరే గదా" అన్నారు సంఘం కార్యదర్శి అమరనాథ్ గారు. అది నిజమే. నేను బేస్ వాయిస్తాను. మనిషికన్న ఎత్తుగా ఉండే ఆ తీగల వాద్యాన్ని నిలబడే వాయించాలి. ఇన్నేళ్ళూ వారు కూర్చుని వాయించారు, నేను వారి ఎడమపక్కన నిలబడి వాయించాను. కనుక అలసట అనే విషయం మీద రాయడానికి నాకు వారికంటె కాస్త ఎక్కువ అధికారమే ఉందనుకుంటాను.

శ్రీ ఆదినారాయణప్ప గారు కలాసిపాళ్యంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి నంజప్ప గారు పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. ఎర్రకోటు తొడుక్కుని ఊరేగింపుల ముందు వేసవి ఎండల్లో నడిచి నడిచి ఊపిరి సడలిన ఆ పెద్దమనిషి, తన కొడుకు కూర్చుని వాయించే వాద్యమే నేర్వాలని పట్టుబట్టి, కాక్స్‌టౌన్‌లో పాఠాలు చెప్పే ఒక వృద్ధురాలి వద్ద పియానోకు చేర్చారు. సంగీతం మీది ప్రేమకంటె కుర్చీ మీది గౌరవంతో మొదలైన ఆ విద్య, కంటోన్మెంటు క్లబ్బులలో వాయించే పెద్దల సాంగత్యంలో జాజ్ వైపు మళ్ళి, చివరకు మన లాబీకి వచ్చి స్థిరపడింది. నంజప్ప గారు కోరిన కుర్చీ దొరికింది. దాని మీద ముప్పై ఏళ్ళు కూర్చుంటే నడుముకు ఏమవుతుందో మాత్రం ఆయన ఊహించి ఉండరు.

1994లో యాజమాన్యం వారు పూర్తిస్థాయి బృందాన్ని ఏర్పాటు చేయ సంకల్పించి, ఆదినారాయణప్ప గారిని నాయకులుగా నియమించారు. డ్రమ్సుకు ఓంకార్ గారు, గానానికి వరూధిని గారు, బేస్‌కు ఏలూరు నుంచి వచ్చిన నేను ఆ సంవత్సరమే చేరాము. నాయకత్వమంటే అందరికంటె ముందు నిలబడడమని నేను అనుకునేవాణ్ణి. వారు ఎవరి వంతు వచ్చినా వారిని కడదాకా వాయించనిచ్చి, తమ వంతు వచ్చేసరికి నాలుగు ముక్కల్లో ముగించేవారు. అదేమని అడిగితే "పొద్దు పోతా ఉండాది గదప్పా" అనేవారు.

జాజ్ అంటే ఏమిటని మన హౌస్‌కీపింగ్ నాగమ్మ గారు ఒకసారి నేల తుడుస్తూ వారినే అడిగారు. "మొదట అందరూ కలిసి ఒక మాట చెప్తారమ్మా. ఆ పైన ఒక్కొక్కరు దాన్నే తమకు తోచినట్ల చెప్తారు. కడాకు మళ్ళా అందరూ కలిసి అదే మాట చెప్పి దిగిపోతారు. మన యూనియన్ మీటింగు మాదిరే" అన్నారు. ఇంతకంటె మంచి నిర్వచనం నేను ఈనాటికీ వినలేదు.

హోటలు లాబీలో వాయించడం ఒక విచిత్రమైన వృత్తి. వాయిస్తున్నంతసేపూ ఎవరూ వినరు; ఆపితే మాత్రం అందరూ తలతిప్పి చూస్తారు. పాట మధ్యలో వచ్చి సినిమా పాట అడిగేవారినీ, ఏసీ తగ్గించమని పియానో వద్దకే వచ్చి చెప్పేవారినీ, పియానో మూత మీద కాఫీ కప్పు పెట్టి మరచిపోయేవారినీ ఆదినారాయణప్ప గారు ఒకే చిరునవ్వుతో భరించారు. తర్వాతి కాలంలో బ్రూక్‌ఫీల్డ్‌లోను, బెళ్ళందూరులోను కంపెనీల వేడుకలకు మమ్మల్ని వ్యానులో పంపేవారు. అక్కడ మెడలో కార్డులు వేలాడుతున్న పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరుస కడితే, ఆ వరుస పియానో దాకా వచ్చి, మా చుట్టూ తిరిగి, మళ్ళీ బిర్యానీ దగ్గరకు చేరేది. బొమ్మనహళ్ళిలోని ఇంటిదాకా సాగే తిరుగు ప్రయాణంలో ఆదినారాయణప్ప గారు కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నిద్రపోతున్నారనుకునేవాళ్ళం. "నిద్ర యాడిదప్పా. ఏమీ వాయించకుండా ఉండాను గదా అని సుఖపడతా ఉండాను" అన్నారు ఒకసారి.

ఒక హాస్య సంఘటన తప్పక ఉండాలని సంఘం వారి ఉత్తర్వు. అందరి వంతులూ అయిపోయాక మళ్ళీ అసలు పాటకు రావాలని చెప్పడానికి, మాలో నాయకుడు అరచేత్తో తలమీద తట్టుకుంటాడు. జాజ్ వాయించేవారందరికీ తెలిసిన సంజ్ఞ అది. కొత్తగా వచ్చిన ఒక మేనేజరు గారు ఆదినారాయణప్ప గారు పాటపాటకూ తల తట్టుకోవడం చూసి జాలిపడి, స్టీవార్డు వెంకటరమణ చేత తలనొప్పి మాత్రా, గ్లాసుడు నీళ్ళూ వెండి పళ్ళెంలో పెట్టించి, నలుగురూ చూస్తుండగా పియానో దగ్గరకు పంపారు. వెంకటరమణను తిప్పి పంపితే మేనేజరు గారు చిన్నబోతారని వారు కుడిచేత్తో వాయిస్తూనే మాత్ర మింగారు. నొప్పి లేని తలకు మందు పడి, ఆ రాత్రంతా కడుపులో మంట అని చెప్పుకుని నవ్వారు.

హాస్యం అయింది గనుక, నేను రాయదలచిన సంగతికి వస్తాను.

2006లో నా బేస్ వాద్యాన్ని ఎత్తీ దించీ నా నడుము పూస జారింది. శస్త్రచికిత్స అయి రెండు నెలలు మంచం మీద ఉన్నాను. ఆ కాలంలో నా పనిని కూడా ఆదినారాయణప్ప గారే నెత్తిన వేసుకున్నారు. ఇక్కడ ఒక్క మాట వివరించాలి. పియానోలో ఎడమచివర ఉండే మెట్లు మంద్ర స్వరాలు పలుకుతాయి. బృందంలో బేస్ ఉన్నప్పుడు ఆ స్వరాలు బేస్ వాడివి. తెలిసిన పియానో వాద్యకారుడు ఎడమచేతిని నడిమి మెట్ల మీదే నిలుపుకుని, కింది చోటును వాడికి వదిలేస్తాడు. బేస్ లేనప్పుడు ఆ చేతినే కిందికి పంపి ఇద్దరి పని ఒక్కడే చేయవచ్చు. వారు అలాగే చేశారు. ఎంత చక్కగా చేశారంటే, నేను లేననే సంగతి అతిథులెవరికీ తెలియలేదు. అదే నా మెడకు చుట్టుకుంది.

నాటి విభాగ నిర్వాహకులు (వారు ఇప్పుడు మన సంస్థలో లేరు) ఆ సంగతి కనిపెట్టారు. బేస్ లేకపోయినా పాట ఆగలేదు గదా, మరి ఆ ఉద్యోగం ఎందుకు అన్నారు. దాన్ని తీసివేసే ప్రతిపాదన సిద్ధమైంది. ఓంకార్ గారు మా ఇంటికి వచ్చి చెబితే విని, నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మా అమ్మాయి అర్పిత అప్పుడప్పుడే బడిలో చేరింది. నడుము వంగని మనిషికి ఊళ్ళో ఇంకెవరు పని ఇస్తారు?

ఆ వారంలోనే ఆదినారాయణప్ప గారిని నిర్వాహకుల గదికి పిలిచారు. వారు వాదించలేదు, యూనియన్ పేరు ఎత్తలేదు, నా సంసారం సంగతి చెప్పలేదు. "ఎడమచెయ్యి ఆ కిందికి పోదు సార్. ఈ రెండు నెలలు బలవంతాన తోలినాను. ఇంక పోదు" అని మణికట్టు చూపించారట. ఆ సాయంకాలం నుంచి నిజంగానే పోలేదు. నేనూ లేను, వారి చెయ్యీ లేదు. పాటకు అడుగు ఊడిపోయింది. రోజూ కిటికీ పక్కన కూర్చునే ఒక పెద్దాయన వెంకటరమణను పిలిచి, "పియానో మార్చినారా? ఏమో తక్కువగా ఉండాది" అని అడిగారు. ఇంకొకరు స్పీకరు చెడిపోయిందన్నారు. చివరకు నిర్వాహకులే ఒక సాయంకాలం లాబీలో నిలబడి కాసేపు విని, నేనెప్పుడు పనిలోకి రాగలనో కనుక్కోమని కబురు పెట్టారు.

తిరిగి చేరిన రోజున నేను మొదట చూసింది వారి మణికట్టునే. వాపు లేదు, కట్టు లేదు. "నొప్పి నిజమేనా అన్నా?" అన్నాను. వారు పియానో మూత తుడుస్తూ, "చెప్పేసినాను గదప్పా. చెప్పినాక నిలబెట్టుకోవల్ల" అన్నారు.

నిలబెట్టుకున్నారు. ఇంట్లో పియానో లేదు గనుక వారి సాధన అంతా ఇక్కడే, అందరి కళ్ళముందే సాగేది. నేను సెలవు పెట్టిన రోజుల్లో గాని, మధ్యాహ్నాలు లాబీ ఖాళీగా ఉన్నప్పుడు గాని, ఆ ఎడమచెయ్యి కింది మెట్లవైపు వెళ్ళడం దాదాపు ఇరవై ఏళ్ళుగా ఎవరూ చూడలేదు. నిర్వాహకులు మారారు, యజమానులు మారారు, మహమ్మారి వచ్చి లాబీకి తాళం పడి మళ్ళీ తెరుచుకుంది. కార్పెట్ పోయి రాయి వచ్చింది. చెయ్యి మాత్రం ఉన్నచోటనే ఉంది. నాకోసం ఆడిన ఒక అబద్ధాన్ని ఒక మనిషి ఇంత ఓపికగా మోయడం నేను ఎక్కడా వినలేదు.

గత జనవరిలో యాజమాన్యం వారు రెండు నిర్ణయాలు తెలియజేశారు. ఆదినారాయణప్ప గారి విరమణతో బృందం ముగుస్తుంది; ఓంకార్ గారు, వరూధిని గారు కాంట్రాక్టు ముగించుకుని వెళతారు; ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉన్న నేను బాంక్వెట్ హాలులో మైకుల పనికి మారుతాను. ఆదినారాయణప్ప గారికి మాత్రం గౌరవపూర్వకంగా రెండేళ్ళ పొడిగింపు ఇస్తామన్నారు. అయితే ఒక్కరే వాయించాలి. ఇది వారి ప్రతిభకు సంస్థ ఇచ్చిన గుర్తింపు. ఆ మాట నేను మనఃపూర్వకంగానే రాస్తున్నాను.

వారికి ఆ రెండేళ్ళు కావాలి. జీతం కోసం కాదు. ఇక్కడి కుర్చీ దిగితే వారికి ఇంకెక్కడా పియానో లేదు.

ఒక మధ్యాహ్నం ఖాళీ లాబీలో ఒంటరిగా వాయించి చూసుకున్నారు. నేను పక్కన కూర్చుని నా వాద్యానికి తీగలు మారుస్తున్నాను. ఎడమచెయ్యి కిందికి వెళ్ళింది, ఒక్క స్వరం పలికించి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. పాట సగంలో ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"పోవడం లేదా అన్నా?" అన్నాను.

"పోతుందప్పా, పోకేమి. పోయినప్పుడంతా నీ కాలు తొక్కినట్ల ఉండాది."

"నన్ను బాంక్వెట్‌కి వేశారు గదా. ఆ చోటు మీదే. కొంచెం సాధన చేస్తే వస్తుంది, ఒప్పుకోండి అన్నా" అని బతిమాలాను.

"నువ్వు సుమ్నే ఉండప్పా, ఊరికే ఉండు. ఇప్పుడు మళ్ళా నేర్చుకునే ఓపిక లేదు. అలిసిపోయినాను" అన్నారు. ఆ సాయంకాలమే పైకి వెళ్ళి, కృతజ్ఞతలు చెప్పి, పొడిగింపు వద్దని చెప్పి వచ్చారు. నాకు దుఃఖం వచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం. నా ఉద్యోగం నిలబడింది, వారి చెయ్యి ఆగిపోయింది. ఈ రెండూ ఒక్కనాడే జరిగాయని, ఇరవై ఏళ్ళ తర్వాత గాని నాకు తెలియలేదు.

పోయిన ఆదివారం బొమ్మనహళ్ళిలో వారి ఇంటికి వెళ్ళాను. బెళ్ళందూరులో ఉద్యోగం చేసే వారి కుమార్తె చిరంజీవి హరిణి, పూర్తి మెట్లున్న ఎలక్ట్రిక్ కీబోర్డు ఒకటి తండ్రి కోసం తెచ్చి హాలులో పెట్టింది. దాని మీద మడతపెట్టిన బట్టలున్నాయి. "ఆయన ఆ తట్టు చూసేదే లేదన్నా. సుమ్నే ఉండాది గదా అని నేను ఇస్త్రీ గుడ్డలు పెట్టుకుంటా ఉండాను. అడిగినపొద్దు తీసేస్తాను" అన్నారు వారి ధర్మపత్ని శ్రీమతి కాత్యాయని గారు. ఆదినారాయణప్ప గారు పేపరు చదువుకుంటూ ఆ మాట విననట్టే ఉన్నారు.

ముప్పయ్యవ తేదీ సాయంకాలం మేము చివరిసారిగా కలిసి వాయిస్తాము. సోదర ఉద్యోగులు, వారి కుటుంబసభ్యులు ఒక్క అరగంట పళ్ళేలు పక్కన పెట్టి వినవలసిందిగా మనవి. వారు తలమీద తట్టుకున్నప్పుడు దయచేసి ఎవరూ మాత్ర పంపవద్దు.

శ్రీ ఆదినారాయణప్ప గారికి, శ్రీమతి కాత్యాయని గారికి నిండు ఆరోగ్యం, తనివితీరా నిద్ర, ఎవరికోసమూ పరుగెత్తనక్కరలేని సాయంకాలాలు, నూరేళ్ళ ఆయుస్సు లభించాలని మన సంస్థ పక్షాన కోరుకుంటున్నాను. నా పక్షాన ఒక్కటే కోరిక. ఏదో ఒకనాడు ఆ ఇస్త్రీ బట్టలు తీయమని మీరు అడగాలి. అన్నా, చెయ్యి కిందికి పోనివ్వండి. నా కాళ్ళు నేను తీసేసుకున్నాను.