దెన్సియో గాల్లో ఆగిపోయిన రోజు

లెమెరీలో పంక్చర్ షాపు దెన్సియో పోయి మూడు రోజులైంది. శవపేటికను పేట బాస్కెట్‌బాల్ కోర్టులోనే, రేకుల కప్పు కింద, రింగుకి సరిగ్గా దిగువన పెట్టారు. ఆ పేటలో ఎవరు పోయినా అక్కడే పెడతారు, అంతకన్నా పెద్ద నీడ ఇంకోటి లేదు గనక. పెట్టె మీద పసుపుపచ్చ జెర్సీ పరిచి ఉంది. దెన్సియో వయసులో ఉన్నప్పుడు మనీలాలో ఒక సబ్బుల కంపెనీ జట్టులో ఉండేవాడు, అప్పటిది.

మధ్యాహ్నం జపమాల ప్రార్థన అయిపోయింది. ఆడవాళ్ళు ఒక పక్క విసనకర్రలు విసురుకుంటూ కూర్చున్నారు, మగవాళ్ళు ఇంకో పక్క పేకాట వేశారు, శవం దగ్గర జాగారానికి అక్కడ అది మామూలే. దెన్సియో భార్య రెమీ కాఫీ కెటిల్ పట్టుకుని బల్లల మధ్య తిరుగుతోంది. కాసేపు కూర్చోవే అని అందరూ అంటూనే ఉన్నారు. కూర్చుంటే ఏడుపు ఆగదని ఆవిడకి తెలుసు, అందుకే తిరుగుతోంది. కూతురు లోర్నా ఓ మూల బకెట్టు పెట్టుకుని కప్పులు కడుగుతోంది.

అప్పటికే దూరం నుంచి ఇద్దరు పొడుగాటి మనుషులు బస్సులో వచ్చి ఉన్నారు. ఇద్దరూ దెన్సియో జట్టువాళ్ళు. ఒకడు సెల్సో. ఇప్పుడు మాల్ గుమ్మం దగ్గర సెక్యూరిటీ, వచ్చేవాళ్ళ సంచులు తడిమి లోపలికి పంపుతాడు. రెండోవాడు దూలో. మన భాషలో నోటి దూల అంటాం చూడండి, ఆ పేరు పెట్టినవాళ్ళకి తెలుగు రాకపోయినా పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. ఒకప్పుడు దూలో అంటే ఆ జట్టుకి ప్రాణం. వాడి బొమ్మ సబ్బు కాగితం మీద వేసేవాళ్ళు. మోకాలు అరిగాక కంపెనీవాళ్ళు ఇంకో బొమ్మ వేసుకున్నారు. ఆ తర్వాత హోటల్ పెట్టాడు, మూసేశాడు. ఎన్నికల్లో నిలబడ్డాడు, పడ్డాడు. ఇప్పుడు జాతర జాతరకీ తిరిగి బింగో పందిట్లో మైకు పట్టుకుని అంకెలు పిలుస్తాడు.

దూలో కథలు రెమీకి కొత్త కాదు. వాడు విసిరిన బంతి కోసం పడవేసుకుని వెళ్ళిన కథ, వాడి చెప్పులో కోడి గుడ్లు పెట్టిన కథ, అన్నీ వందసార్లు విన్నవే. అన్నిట్లోనూ వీరుడు దూలోయే. ఈ రోజు కూడా ఏదో ఒకటి మొదలెడతాడు, మనుషులు నాలుగు నిమిషాలు నవ్వుకుంటారు, మంచిదే అనుకుందావిడ.

మాట తెచ్చినవాడు పంది మాంసం కొట్టు పొల్దో. పేక కలుపుతూ పెట్టె వైపు చూసి, "ఒక్క మాటంటాను, తప్పుగా అనుకోకండి. ఆ జెర్సీ చూడండి, ఇప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుంది. ఒక్కనాడైనా చెమట పట్టిన గుడ్డలా ఉందా? మా నాన్న టీవీలో ఒక్క ఆట వదిలేవాడు కాదు. పక్కన నేనూ కూర్చునేవాణ్ణి. దెన్సియో ఆడగా చూసినట్టు నాకు గుర్తు లేదు," అన్నాడు.

పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. కప్పులు కడుగుతున్న లోర్నా చెయ్యి ఆగింది. అది రెమీ చూసింది. దూలో కూడా చూశాడు.

"నీకు గుర్తు లేకపోతే తప్పు నీది కాదు పొల్దో," అన్నాడు దూలో, కాఫీ కప్పు బల్ల మీద పెట్టి. "ఆ ముక్క టీవీవాళ్ళు చూపించలేదు. ఎందుకు చూపించలేదో చెబుతాను, కానీ ముందు ఆ పేక కింద పెట్టు, నా కథకి రెండు చెవులూ కావాలి. ఫైనల్ అది. మేమూ, కాఫీ కంపెనీవాళ్ళూ. స్టేడియంలో ఇసక వేస్తే రాలదు, అంత జనం. నాకు పిక్క పట్టేసింది. ఈ సెల్సోగాడు ఫౌళ్ళు చేసి చేసి బయటికొచ్చేశాడు, అవునా కాదా?"

"అవును," అన్నాడు సెల్సో. ఆ ఒక్కటీ నిజమే.

"కోచ్ బెంచీ వైపు చూశాడు. ఎవరున్నారు? మన దెన్సియో. లేవరా అబ్బాయ్ అన్నాడు. లేచాడు. లేవగానే ఏమీ ఆర్భాటం చెయ్యలేదు, వాడి సంగతి మీకు తెలుసుగా, నెమ్మదస్తుడు. వెళ్ళి అవతలివాడి చేతిలోంచి బంతి తీసుకున్నాడు, అంతే. లాక్కోలేదు. పక్కింట్లో అట్లకాడ అడిగి తెచ్చుకున్నట్టు తీసుకున్నాడు."

"అది నమ్మొచ్చు," అందో ముసలావిడ. "నా దగ్గర సైకిలు పంపు కూడా అలాగే తీసుకెళ్ళాడు."

రెమీ కెటిల్ పట్టుకుని ఉన్నచోటే నిలబడింది. ఈసారి కథలో దూలో లేడు. పిక్క పట్టేసి పక్కకి తప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎగిరాడు. మేమందరం ఎగిరినవాళ్ళమే, ఎగరడమూ దిగడమూ మాకు తెలుసు. వీడు ఎగిరాడు కానీ దిగలేదు. అవతలి జట్టువాళ్ళు ముగ్గురు వాడితోపాటు ఎగిరి, కాసేపు చూసి, ఇది తేలే వ్యవహారం కాదని దిగిపోయారు. వీడు అక్కడే ఉన్నాడు. బూటు తాడు ఊడితే కట్టుకున్నాడు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మేవాడు పైవరస మెట్ల మీద వెళుతుంటే ఓ పొట్లం ఇటివ్వమన్నాడు."

"పైనించా?" అన్నాడు పొల్దో.

"పైనించే. వాడూ వీడూ సమానమైన ఎత్తులో ఉన్నారు మరి, కిందనున్నవాణ్ణి అడుగుతాడా? ఇంతలో మా కోచ్‌కి భయమేసి టైమ్ అవుట్ అడిగాడు. అందరూ వెళ్ళి కూర్చున్నారు, నీళ్ళు తాగారు, తువ్వాళ్ళతో తుడుచుకున్నారు. దెన్సియో ఒక్కడే పైన. దిగరా అంటే ఏమన్నాడో తెలుసా? టైమ్ ఆపేశారు కదా కోచ్, ఆగిన టైములో దిగితే రూలు తప్పినట్టు కాదా అన్నాడు. రిఫరీలు పుస్తకం తెరిచి చూసుకున్నారు. వాడన్నదే నిజం."

ఇప్పుడు పేకాట బల్లలన్నీ ఆగిపోయాయి. విసనకర్రల వైపు నుంచీ నవ్వులు వస్తున్నాయి. మూలనున్న ఫాదర్ గారు బిస్కెట్టు కాఫీలో ముంచి, తినడం మర్చిపోతే, అది విరిగి కప్పులో పడిపోయింది.

"ఆట మళ్ళీ మొదలైంది. అప్పుడు వేశాడు బంతి. రింగులో పడింది, అది పెద్ద గొప్ప కాదు, రింగులో మేమూ వేశాం. ఆ బంతి కింద చెక్క నేలకి తగిలి లేచిన లేపు ఉంది చూశారూ, కప్పు చీల్చుకుని పోయింది. అదిగో, కరెంటు పోయింది అక్కడే. టీవీ ఆగిపోయింది అక్కడే. పొల్దో, మీ నాన్న టీవీ నెత్తి మీద కొట్టి ఉంటాడు ఆ రోజు, గుర్తు తెచ్చుకో."

"మా నాన్న రోజూ కొట్టేవాడు," అన్నాడు పొల్దో.

"చూశారా, సాక్ష్యం దొరికింది. బంతి దక్షిణం పట్టింది. ఊళ్ళు దాటింది, కొబ్బరి తోటలు దాటింది, వచ్చి వచ్చి మన తాల్ అగ్నిపర్వతం నోట్లో పడింది. ఆ ఏడాది కొండ దగ్గిందని మన పెద్దవాళ్ళు చెబుతారే, ఎందుకు దగ్గిందనుకున్నారు? గొంతుకి అడ్డంపడి. దగ్గితే ఏమవుతుంది, లోపలిది బయటికొస్తుంది. అదే బంతి, అదే దారిన, అదే కన్నంలోంచి స్టేడియంలోకి దిగి, మళ్ళీ రింగులో పడింది. పొగలు కక్కుతోంది. రిఫరీ రెండుసార్లూ లెక్కేశాడు. గెలిచాం."

కోర్టంతా నవ్వుతో ఊగింది. సెల్సో కూడా మొహం కప్పుకుని భుజాలు కదుపుతున్నాడు. రెమీకీ నవ్వొచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి. అక్కడితో ఆపేసి ఉంటే ఆవిడ వాడికి ఇంకో కప్పు కాఫీ పోసి ఊరుకునేది.

దూలో ఆపలేదు. జనం నవ్వుతుంటే ఆగగల మనిషి కాదు. పైగా లోర్నా బకెట్టు వదిలేసి, చేతులు పరికిణీకి తుడుచుకుంటూ దగ్గరికొచ్చి నిలబడింది.

"మర్నాడు కాఫీ కంపెనీ యజమాని స్వయంగా వచ్చాడు. మా జట్టుకి రా, మనీలాలో మేడ కట్టిస్తాను, కారు కొనిపెడతాను అన్నాడు. దెన్సియో ఏమన్నాడు? అయ్యా, ఆడాల్సింది ఆడేశాను, ఇంతకన్నా పైకి ఎగిరితే దిగలేను. మా ఊళ్ళో రోడ్డు పక్కన నాకో పంక్చర్ షాపు పెట్టుకోవాలనుంది అన్నాడు. మేడ వద్దని, కారు వద్దని, తనంతట తానే వచ్చేశాడమ్మా మీ నాన్న. తరిమేస్తే వచ్చినవాళ్ళం మేము. వదులుకుని వచ్చినవాడు వాడొక్కడే."

ఈ ముక్కకి ఎవరూ నవ్వలేదు. ఇది నమ్మడానికి వీలున్న ముక్క.

"అమ్మా," అంది లోర్నా నెమ్మదిగా. "నాన్న ఎప్పుడూ చెప్పలేదే నాకు."

రెమీ కూతురి మొహం చూసింది. అగ్నిపర్వతాన్ని ఎవరూ నమ్మరు, దానివల్ల నష్టం లేదు. ఈ మేడని మాత్రం పిల్ల నమ్మేసింది. రేపు పాతిపెట్టేది ఎవర్ని? మేడ వద్దన్న మనిషినా? అలాంటి మనిషితో తను ఒక్కపూట కూడా కాపురం చెయ్యలేదు. ఆవిడ కెటిల్ బల్ల మీద పెట్టింది.

"దూలో, ఆ ఫైనల్‌కి నేనూ వచ్చాను."

దూలో కాఫీ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నీకు గుర్తుండదు. ఈ లోర్నా కడుపులో ఉంది అప్పుడు. అందరికన్నా పైవరసలో కూర్చున్నాను, చవక టికెట్టు. ఆయన ఆడలేదు. ఒక్కసారి లేచాడు, నాకు ఊపిరాగిపోయింది, తీరా చూస్తే కాలు తిమ్మిరెక్కి లేచాడట. దులుపుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజే కాదు, ఆ జట్టులో ఉన్నన్నేళ్ళూ అంతే. బెంచీ మీద కూర్చుని మీకు తువ్వాళ్ళు అందించాడు. మేడ ఇస్తామని ఎవరూ రాలేదు. మీకన్నా ముందు ఆయన్నే పంపించేశారు. వచ్చి ఈ షాపు పెట్టుకున్నాడు. పొల్దో అన్నది నిజమే, ఆ జెర్సీకి చెమట తెలీదు. ఆ సంగతి ఆయనే నాకు చెప్పి నవ్వేవాడు."

పొల్దో తల వంచుకున్నాడు. "అక్కా, నేను ఊరికే…"

"నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. తప్పు వీడిది." రెమీ దూలో వైపు తిరిగింది. "నువ్వు ప్రేమతోనే చెప్పావు దూలో, నాకు తెలుసు. కానీ నేను ఇంకెవర్నో తీసుకెళ్ళి పాతిపెట్టలేను. ఆయన గురించి చెప్పదలుచుకుంటే ఆయన గురించి చెప్పు. నీకు తెలిసిందేమీ లేదా?"

బింగో పందిళ్ళలో అంకెకీ అంకెకీ మధ్య కూడా ఖాళీ ఇవ్వని దూలో, కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

మొదట మాట్లాడింది సెల్సో. "నేను ఈ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు వచ్చాడు," అన్నాడు. "యూనిఫాం వేసుకుని మాల్ గుమ్మంలో నిలబడ్డాను. జనం గుర్తుపట్టి, అయ్యో సెల్సో, నువ్వా ఇక్కడ అంటున్నారు. భూమిలోకి దిగిపోవాలనిపించింది. వీడు ఎలా తెలుసుకున్నాడో, షాపు కట్టేసి వచ్చాడు. నా పక్కన నిలబడ్డాడు సాయంత్రం దాకా. ఎవరైనా నన్ను గుర్తుపడితే, నన్నూ గుర్తుపట్టండి, నేనూ ఆ జట్టే అనేవాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు నేనొక్కణ్ణే వెళ్ళగలిగాను."

అప్పుడు దూలో తల ఎత్తకుండా మొదలెట్టాడు. గొంతు వాడిది కానట్టుంది.

"నా హోటల్ మూసేశాక నేను గదిలోంచి బయటికి రాలేదు. కిటికీలకి దుప్పట్లు కట్టేశాను. గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. అప్పుడొచ్చాడు వీడు. ఒక వెయ్యి మంది…" అని ఆగాడు. "కాదు. వాడొక్కడే వచ్చాడు. పోయినవాటి గురించి అడగలేదు. లేవమని అనలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతులు రబ్బరు జిగురు వాసన. నేను తిట్టాను, నీకేం తెలుసురా నా బాధ, నువ్వు ఎప్పుడైనా ఆడి ఉంటే కదా అన్నాను. అవునురా అన్నాడు. కదల్లేదు."

విసనకర్రలు ఆగాయి. దూలో రెమీ వైపు తల తిప్పాడు.

"చూడు వదినా, మాకు ఆడడమే వచ్చు. ఆట అయిపోయాక ఎలా కూర్చోవాలో మాకెవరూ నేర్పలేదు. ఒక్కొక్కళ్ళం కూలిపోయాం. వాడికి ముందునుంచీ వచ్చు. మేం పైన ఎగురుతున్నప్పుడు వాడు కింద కూర్చుని నేర్చుకున్నాడు ఆ విద్య. మా అందరి పక్కనా వచ్చి కూర్చున్నాడు."

"ఎంతసేపు కూర్చున్నాడు అలా?" అన్నాడు పొల్దో. ఎగతాళికి అడగలేదు.

మామూలుగా అయితే ఆ ప్రశ్నకి దూలో దగ్గర జవాబుకి కొదవుండదు. నెల రోజులనేవాడు, గడ్డం నేలకి తగిలిందనేవాడు. "తెలీదు," అన్నాడు. "నేను నిద్రపోయాను. చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది. లేచేసరికి కుర్చీలోనే ఉన్నాడు."

లోర్నా ఒక స్టూలు లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది. "ఆ కథ చెప్పండి బాబాయ్. మొదట్నుంచీ."

"అందులో ఏమీ జరగదమ్మా," అన్నాడు దూలో.

"పర్లేదు. చెప్పండి."

రెమీ కూతురి పక్కన చోటు చేసుకుని కూర్చుంది. దూలో గొంతు సవరించుకుని, కొత్తగా పని నేర్చుకుంటున్నవాడిలా తడుముకుంటూ, ఆ పూట వాన పడుతోందో లేదో గుర్తు చేసుకుంటూ, మొదలుపెట్టాడు.